వారెంటీ దాటిన చక్రంతో రాజమండ్రి

"వారెంటీ పోయిన నెలతో అయిపోయిందండి, మామ్మగారూ."

"వారెంటీ అయిపోతే అయింది. మోత అయిపోలేదు కదా బాబూ!"

"మళ్లీ బేరింగు మార్చాలండి. ఈసారి ఖర్చు మీదే."

"రెండుసార్లు మార్చారు. వేసింది మంచిదే అయితే మూడోసారి ఎందుకు మార్చడం?"

"రోడ్లు అలా ఉంటే మేమేం చేస్తామండి?"

"ఆ రోడ్డు మీదే మా పాలవాడి మోపెడ్ తిరుగుతోంది. దానికి లేని రోగం దీనికేం?"

రాజమండ్రిలో, కారు సర్వీసు సెంటరు బల్ల దగ్గర జరిగిన మాటలివి. అటువైపు టై కట్టుకున్న ఒకాయన. ఇటువైపు నేనూ, మా అబ్బాయి సత్యమూ. కారు వాడిది, నోరు మాత్రం నాది. వాడు నేల చూపులు చూస్తున్నాడు.

ఆ మర్నాడు భీమవరం వెళ్లి, సత్యం కూతురు శిరీషని పురిటికి తీసుకురావాలి. తొమ్మిదో నెల వచ్చింది. ఆ రోజు దాటితే మూఢం. కుడివైపు వెనక చక్రం చూస్తే, బండి కదిలిన దగ్గర్నుంచీ తిరగలి విసిరినట్టు ఒకటే మోత. నిండు చూలాలిని అందులో ఎలా కూర్చోబెట్టను? ఇంట్లో కారుండగా అద్దె కారులో తెచ్చుకున్నారని వియ్యాలవారు అనుకోరా? అందుకే పెనుగొండ పక్కన మా ఊళ్లో పొద్దున్నే బయల్దేరాం.

సిద్ధాంతం వంతెన మీద మాట్లాడుకుందామన్నా మాట వినబడలేదు. రావులపాలెంలో ఇడ్లీ తిన్నాం. చట్నీ నీళ్లలా ఉంది, ధర మాత్రం చిక్కగానే ఉంది. ఆ దారిన వెళ్లేవాళ్లు ఇంటి దగ్గరే తినేసి బయల్దేరండి. బండి తీస్తుంటే టీ తాగుతున్న పెద్దాయన ఉలిక్కిపడి పక్కకి తప్పుకున్నాడు. "వెనకాల లారీ వస్తోందనుకున్నానండి!" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. జొన్నాడ దాటి రాజమండ్రి చేరేసరికి తల దిమ్మెక్కిపోయింది.

బల్ల దగ్గర గొడవయ్యాక కారుని పైకెత్తి చక్రం విప్పారు. కాసేపటికి టై కట్టుకున్నాయనే వచ్చి, "ఒకసారి చూడండి" అని లోపలికి తీసుకెళ్లాడు. చక్రం వెనకాల ఎండు తీగలు తాడు పేనినట్టు బిగుసుకుపోయి ఉన్నాయి. బేరింగులోకి దుమ్ము పోకుండా ఉండే రబ్బరుని అవి కోసేశాయట. నేను ఒక తీగ లాగాను. దానికి కాయ వేలాడుతోంది. నలిపి చూశాను. మినుములు.

మా వైపు మినప చెట్లు పీకి, ఎండబెట్టి, రోడ్డు మీద పరుస్తారు. వచ్చే పోయే బళ్లు తొక్కితే గింజ రాలుతుంది. మా చేను మాత్రం ట్రాక్టరుతోనే తొక్కించమని ఏటా నేను సత్యానికి కూలి ఇచ్చి పంపుతాను.

"ఏంట్రా ఇది?"

"కారు ఊరికే ఉంది కదమ్మా. నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పితే..."

"నా దగ్గర ట్రాక్టరు కూలి తీసుకుని, కారుతో తొక్కించావా? పిల్లనెక్కించుకునే బండితో!"

నా కోపం అక్కడితో ఆగలేదు. టై ఆయన వైపు తిరిగాను.

"రెండుసార్లు విప్పారు కదా, అప్పుడు ఈ తీగలు లేవా?"

"ఉండే ఉంటాయండి. తీసి పారేసి ఉంటారు."

"మరి చెప్పలేదేం?"

"అప్పుడు వారెంటీ ఉంది కదండి. మీరు అడగలేదు."

ఒళ్లు మండిపోయింది. వారెంటీ ఉన్నన్నాళ్లూ ఆ తీగ ఎవరి కంటా పడలేదు. ఖర్చు మా మీద పడ్డ రోజునే పడింది. ఆ మాటే నలుగురూ వినేలా అన్నాను. లేబరు ఖర్చు తగ్గిస్తానన్నాడు. బేరింగు మార్చాక తగ్గించాడు. నేను సంతోషమని అనలేదు.

తెచ్చుకున్న పులిహోర తిని, సాయంత్రం తిరిగి బయల్దేరాం. మోత లేదు. గోదావరి మీద గాలి చప్పుడు కూడా వినబడింది. అంత దూరం వెళ్లొస్తే నాకు తెలిసింది ఇదీ: బాగు చేసేది ఊరికే అయినా సరే, విప్పిన చోట నిలబడి చూడాలి, ఎందుకు పాడైందో అడగాలి.

మర్నాడు పొద్దున్నే భీమవరం బయల్దేరాం. ఊరి చివర రోడ్డు నిండా మినప చెట్లు. ఆ చేను గలావిడ చెయ్యెత్తి, "మామ్మగారూ, మీ కారు బరువుగా ఉంటుందండి, ఓ రెండుసార్లు తిప్పించరూ!" అంది.

నేను దిగి, చెట్లు చేత్తో పక్కకి లాగడం మొదలుపెట్టాను.

"ఏంటండీ ఈ చోద్యం? తొక్కమంటే తీసేస్తారేంటి?"

"నా మనవరాలి కోసం వెళ్తున్నానమ్మా. నీ మినుముల కోసం కాదు."

మేం శిరీషని ఎక్కించుకుని తిరిగొచ్చేసరికి ఆవిడ చెట్లు మళ్లీ పరిచేసింది. సత్యం నేను చెప్పకుండానే కారు ఆపి, దిగి, పక్కకి లాగుతున్నాడు.

"నాన్న ఏం చేస్తున్నాడు మామ్మా?" అంది శిరీష.

"వాడు కారెక్కాక అడుగు, వాడే చెప్తాడు" అన్నాను.