అందాజుగా రెండు మూతలు

2025 జూలై 27, ఆదివారం. సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. మేముండే ప్లెయిన్స్‌బరోలో ఎనభై ఎనిమిది ఫారన్‌హీట్ డిగ్రీల ఎండ. మబ్బు లేదు, గాలి లేదు. ఆ నిమిషంలో నేను నా మూడేళ్ళ మనవరాలి చేతి మీద కొట్టాను. కొట్టిన వెంటనే గడియారం చూశాను కనుక సమయం విషయంలో సందేహం లేదు.

డల్లాస్‌లో మా తమ్ముడి కూతురి పెళ్ళికి వెళ్ళి, పదకొండు రోజుల తరువాత నేను, నా భార్య అప్పుడే ఇల్లు చేరాం. ఎయిర్‌పోర్టుకు మా అమ్మాయి పాపతో వచ్చి తీసుకొచ్చింది. కారు ఆగీ ఆగకముందే పాప అలవాటు ప్రకారం పెరట్లోకి పరుగెత్తి, చిన్న టమాటాల మడి దగ్గర చతికిలబడి, ఒకటి కోసి నోట్లో వేసుకుంది. రెండోది కోస్తుండగా నేను వెనకే చేరాను. ఆకుల మీద తెల్లటి పొర కనిపించింది. సున్నపు నీళ్ళు చిలకరిస్తే ఎండిపోయినట్టు, చుక్కలు చుక్కలుగా. నేల మీద తుమ్మెదలు వెల్లకిలా పడి ఉన్నాయి. ఇరవై ఎనిమిదేళ్ళు మందుల కంపెనీ ల్యాబొరేటరీలో పనిచేసినవాణ్ణి. ఆ పొర ఏమిటో నాకు మరొకరు చెప్పనవసరం లేదు. పాప చేతిలోని కాయను కొట్టి పడేశాను. నోట్లోని దాన్ని వేలు పెట్టి బయటికి తీశాను. ఆమె ఏడుపు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

ఆ తోట వేసిందే ఆ పిల్ల కోసం. ఆమె పుట్టిన 2022 ఏప్రిల్‌లో పెరటి గడ్డిని పెకలించాను. మొదటి ఏడాదంతా మట్టి తయారీకే సరిపోయింది. నేలలో సీసం ఉందేమోనని పరీక్షకు పంపించి, ఫలితం వచ్చాకే ఆరు మళ్ళు కట్టాను. రాలిన మేపుల్ ఆకులు, వంటింటి తొక్కలు కుళ్ళబెట్టి కంపోస్టు చేశాను. రెండో ఏడాది పురుగుల చేతిలో ఓడిపోయాను. మూడో ఏడాది నుంచి ఉదయం ఆరు గంటలకు లేచి, సొరపాదు మీది పెంకు పురుగులను ఒక్కొక్కటిగా ఏరి సబ్బునీళ్ళ డబ్బాలో వేయడం, ఆకు అడుగున గుడ్లను గోటితో గీకడం నా దినచర్య అయింది. ఇంత శ్రమకూ ఉద్దేశం ఒక్కటే. ప్రపంచంలో ఒక్క చోటైనా ఆ పిల్ల కాయ కోసి, కడగకుండా, ఎవరినీ అడగకుండా తినగలగాలి.

మా అమ్మాయి విషాల గురించి సలహా ఇచ్చే కేంద్రానికి ఫోన్ చేసింది. అక్కడి నర్సు ప్రశ్నలు క్రమంగా అడిగింది: వయసెంత, బరువెంత, ఎన్ని తిన్నది, ఏ మందు, నీళ్ళలో ఎంత కలిపారు, ఎప్పుడు కొట్టారు. మొదటి మూడింటికి మా దగ్గర జవాబులున్నాయి. తరువాతి మూడింటికి లేవు.

తోటకు నీళ్ళు పెట్టమని మేము గేటు తాళం ఇచ్చి వెళ్ళిన అబ్బాయికి ఫోన్ చేశాను. మా వెనక అపార్ట్‌మెంట్లలో ఉంటాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గుంటూరు వైపు మిర్చి రైతు కొడుకు.

"వచ్చేశారా అంకుల్? తోట చూశారా? ఒక్క పురుగు కనపడితే నన్నడగండి."

"ఏం కొట్టావు?"

"స్టోర్‌లో తెచ్చానంకుల్, డబ్బా నా కార్‌లోనే ఉంది. మీరెళ్ళిన నాలుగో రోజుకే సొర ఆకులన్నీ జల్లెడైపోయాయి. చేత్తో ఏరమన్నారు, ఎన్నని ఏరను? ఏడున్నరకి నాకు మీటింగ్. సబ్బునీళ్ళకి అవి చస్తాయా అంకుల్, శుభ్రంగా స్నానం చేసి మళ్ళీ ఎక్కుతాయి."

"ఎప్పుడు కొట్టావు?"

"నిన్న సాయంత్రం. పోయిన వీకెండ్ కూడా ఒక డోస్ వేశా."

"నీళ్ళలో ఎంత కలిపావు?"

"అందాజుగా ఓ రెండు మూతలు."

"ఎన్ని నీళ్ళకు?"

"స్ప్రేయర్‌కి ఎంత పడితే అంత. కొంచెం చిక్కగానే కలిపా, మళ్ళీ మళ్ళీ కొట్టే పని లేకుండా."

అతను డబ్బా చూసి చెప్పిన మందు పేరు, కొట్టిన రోజు మాత్రం నర్సుకు చెప్పగలిగాం. నోరు కడిగించి, నీళ్ళు తాగించి, రాత్రి వరకు కనిపెట్టి ఉండమంది. పాపకు ఏమీ కాలేదు. పెరుగన్నం తిని ఎనిమిదిన్నరకు నిద్రపోయింది. ఏమీ కాలేదు కదా అన్న మాటను ఆ తరువాత నేను విన్నన్ని సార్లు మరే మాటా వినలేదు. విన్న ప్రతిసారీ ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రమే అబ్బాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. బెదిరిపోయాడు, నిజమే. కానీ తప్పు చేశానని అతనికి తోచలేదు.

"లేబుల్ మీద మూడు రోజులే ఉందంకుల్. మంగళవారం దాటాక కోసుకుని, కడుక్కుని తినేయొచ్చు."

"ఆ మూడు రోజులు లేబుల్ చెప్పిన కొలతకు. నువ్వు కలిపిన కొలతకు ఎన్ని రోజులు?"

డబ్బా తిప్పి లేబుల్ చూశాడు. "ఓ రెండ్రోజులు ఎక్కువేసుకోండి." మళ్ళీ అతనే అన్నాడు: "మా నాన్న మిర్చికి వారం వారం కొడతాడంకుల్. అది తినే పెరిగాం. నేను బాలేనా?"

"నాకు తెలియదు. నిన్నెవరూ కొలవలేదు" అన్నాను.

నా భార్య వంటింట్లోకి పిలిచి, "ఏమండీ, పదకొండు రోజులు పనులు మానుకుని వచ్చి నీళ్ళు పోశాడు. ముందు ఆ మాటొకటి అనండి" అంది. నేను అనలేదు. సాయం చేసినవాడి మీద కోప్పడే హక్కు మనలో ఎవరికీ లేదు. అతను నా తోటలో విషం చల్లితే, మర్యాద తప్పినవాణ్ణి నేనయ్యాను. ఆ వారం ఫోన్ చేసిన మిత్రులందరిదీ అదే ధోరణి. "ఐసెలిన్‌లో ఇండియన్ షాపుల్లో కొనే బెండకాయలకు ఏం కొట్టారో మీకు తెలుసా ఏమిటి?" అని ఒకాయన నవ్వాడు. తెలియదు. తెలియదు కనుకనే తోట వేశాను. ఇంత చిన్న సంగతి చదువుకున్నవాళ్ళకు విడమరచి చెప్పవలసి రావడం కూడా నా కోపంలో ఒక భాగమే.

ఎంత కలిపాడో తెలిసి ఉంటే నేను లెక్క కట్టుకునేవాణ్ణి. ఇన్ని రోజులు ఆగాలి, ఈ కాయ ఉంచవచ్చు, ఆ కాయ పారేయాలి అని తేల్చుకునేవాణ్ణి. ఎన్ని మూతలో, ఎన్ని నీళ్ళకో తెలియని మందుకు లెక్క లేదు. లెక్క లేని చోట ఒక పిల్ల నోటిని పణంగా పెట్టి అదృష్టాన్ని పరీక్షించడం నా వల్ల కాదు.

సోమవారం ఉదయం ఆరింటికి మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఆరు మళ్ళూ ఖాళీ చేశాను. సొరపాదు పందిరి మీంచి ఒక పట్టాన రాలేదు. కత్తిరించి లాగవలసి వచ్చింది. కంపోస్టులో వేస్తే ఆ విషం మళ్ళీ మట్టికే చేరుతుందేమోనని అంతా నల్ల సంచుల్లో కట్టి చెత్త బండికి పెట్టాను. సాయంత్రం అబ్బాయి, "నేను హెల్ప్ చేస్తానంకుల్" అంటూ గేటు దగ్గర నిలబడ్డాడు. తాళంచెవి తీసుకుని పంపించేశాను.

మరుసటి వేసవికి మళ్ళు మళ్ళీ నిండాయి. పాపకు నాలుగేళ్ళు వచ్చాయి. ఇప్పుడు ఆమె పరుగెత్తదు. మడి అంచున ఆగి, వేలితో చూపించి, "తాతా, ఈజ్ ఇట్ ఓకే? వాష్ చెయ్యాలా?" అని అడుగుతుంది. అక్కర్లేదమ్మా అంటాను. అయినా కాయ పట్టుకుని కుళాయి దగ్గరకే వెళ్తుంది. దీన్ని ఎవరూ నష్టం కింద జమకట్టరు. ఏమీ కాలేదు కదా అంటారు.

2025 జూలై 28న నా పెరట్లోంచి చెత్త బండికి వెళ్ళినవి: సొరకాయలు పంతొమ్మిది, బీరకాయలు ముప్పై నాలుగు, టమాటాలు పదకొండు పౌండ్లు, గోంగూర ఒక మడి. ఇంట్లోకి తెచ్చుకున్నది సున్నా.