ప్రతి తప్పుకీ ఒక చింతపిక్క

మా చిన్నప్పుడు... బరంపురంలో మా ఇంట్లో చింతపండు పిక్క తీసే రోజున అక్క ఒక్క పిక్కనీ పారేయనిచ్చేది కాదు. కడిగి, చేటలో ఆరబెట్టి, రేకుడబ్బాలో దాచేది. అవన్నీ నా తప్పుల కోసం...

ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. మూడో తరగతిలో సారు నన్ను లేపి పాఠం పైకి చదవమన్నారు. రెండు ముక్కలు చదివేసరికి నా ఒడియాకి క్లాసంతా గొల్లున నవ్వింది. అంతే... ఆ రోజు నుంచి నోరు విప్పితే ఒట్టు! పొద్దున్నే కడుపునొప్పి వచ్చేది. బడివేళ దాటగానే తగ్గిపోయేది.

నాన్న రైల్వేలో గుమాస్తా. ఒకరోజు విసుగొచ్చి, "దీనికీ సదువు అబ్బదు. ఈ ఏడు తప్పితే ఇంటికాడే ఉంచేద్దాం" అన్నారు.

'దీనికీ' అంటే, అక్కకి అబ్బనట్టే నాకూ అని. అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. మెట్రిక్ ఒక్కసారి తప్పింది. ఆ సాయంత్రమే నాన్న దాని పుస్తకాలు మూటకట్టి అటకెక్కించేశారు.

మర్నాడు అక్క వామనగుంటల పీట దించింది. నేను ఎగిరి గంతేశాను. కానీ డబ్బా మూత తియ్యదే!

"పిక్కలు ఊరికే రావే... నువ్వు పైకి సదువు. తప్పుకొక పిక్క ఇస్తాను. పీటకి సరిపడా డెబ్బై అయితే ఆట" అంది.

"తప్పు సెయ్యకపోతే?"

"ఆట లేదు!"

ఇంకేం... మొదటిరోజే పీట నిండిపోయింది. తర్వాత రెండ్రోజులు పట్టింది, ఆ తర్వాత వారం. ఆట కోసం కావాలని తప్పు చదివితే, "దొంగ తప్పులు సెల్లవే" అని పిక్క లాగేసుకునేది.

ఏడాది చివర సారు మళ్ళీ లేపారు. చదివాను. ఒకచోట తప్పాను, క్లాసు నవ్వింది. నాకూ నవ్వొచ్చింది... ఇంటికెళ్తే ఒక పిక్క కదా! ఆ ఏడు పాసయ్యాను. ఇప్పుడు ఆ ఒడియాలోనే పిల్లలకి పాఠాలు చెప్తున్నాను.

అక్కని దిగపహండి ఊరి సంబంధానికి ఇచ్చారు. పోయినేడు పక్షవాతం వచ్చింది... ఒకటి అనబోతే ఇంకొకటి వచ్చేది. మనవలు నవ్వారని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడడమే మానేసింది. మాట్లాడితేనే మాట తిరిగొస్తుందని డాక్టరు ఎంత చెప్పినా వినలేదు.

పీట, డబ్బా పట్టుకుని బస్సెక్కాను. నా బలవంతం మీద నోరు తెరిచి, మంచినీళ్ళు అడగబోయి "సబ్బు" అంది. నేను గుంటలో ఒక పిక్క వేశాను. పిక్కకేసి, నాకేసి చూసింది. తర్వాత వంకరపోయిన మూతితోనే నవ్వింది...

అప్పట్నుంచి ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. ఒకసారి కావాలనే తప్పు చెప్పింది. "దొంగ తప్పులు సెల్లవక్కా" అన్నాను. ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం.

వేసవి దాటలేదు. రెండోసారి వచ్చింది... ఈసారి అక్కని తీసుకుపోయింది.

పీట ఇప్పుడు నా దగ్గరే ఉంది. అందులో నలభైమూడు పిక్కలు. మిగతా గుంటలు ఖాళీ. తీసి డబ్బాలో పోయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఇంకా ఇరవైఏడు తప్పులు చెయ్యాల్సింది మా అక్క...

ఇప్పటి పిల్లలకి రెండు మార్కులు తగ్గితే ముందు ఆటలే మానిపిస్తున్నాం. మీరు తప్పినప్పుడు నవ్వుతూ చేతిలో పిక్క పెట్టినవాళ్ళు ఉంటే, వాళ్ళ గురించి నాలుగు మాటలు రాయండి...

మెట్రిక్ తప్పిన సాయంత్రం మా అక్క చేతిలో మాత్రం ఎవరూ ఏమీ పెట్టలేదు.