ఒకే తల, రెండు స్కానర్లు: కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు

మతిమరుపు మొదలైన పెద్దవాళ్ల మెదడు స్కాన్లను పోల్చి చూడటం నా పని. కరీంనగర్‌లోనూ, ఆదిలాబాద్‌లోనూ ఎంఆర్‌ఐ తీస్తారు. పేర్లు, ముఖం ఆనవాళ్లు తీసేశాక అవన్నీ కరీంనగర్‌లోని మా కంప్యూటర్‌కు చేరతాయి. ఈ ఏడు ఒక చిక్కు వచ్చిపడింది. జ్ఞాపకాలకు ఆధారమైన భాగం ఆదిలాబాద్ వాళ్లందరిలో చిన్నదిగా కనిపిస్తోంది. ఆ స్కాన్లు పక్కన పెట్టేద్దామన్నారు మా సార్. తేడా మనుషుల్లో కాదు, మిషన్లలో ఉందేమోనని నా అనుమానం. తేల్చాలంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కొందరు రెండు చోట్లా స్కాన్ తీయించుకోవాలి. మా ఆఫీసువాళ్లు అప్పటికే వెళ్లొచ్చారు. మిగిలింది నా తల. కరీంనగర్‌లో ముందురోజే తీయించుకున్నాను.

తెల్లవారుతుండగా ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూర్ దగ్గర హైవే ఎక్కి, సోన్ వద్ద గోదావరి దాటేసరికి ఎండ బాగా వచ్చింది. నిర్మల్‌లో టీ తాగుతుంటే పక్కసీటు తాత ఎక్కడికని అడిగాడు. తలకాయ ఫొటో తీయించుకోవడానికన్నాను.

"ఏం రోగమే బిడ్డా?"

"రోగం లేదు తాతా. లేదనే పోతున్న."

ఇచ్చోడలో దిగేదాకా ఆయన నావైపు అనుమానంగానే చూశాడు.

మధ్యాహ్నానికి ఆదిలాబాద్ చేరాను. అక్కడ స్కాన్ తీసేది శోభాతాయి; మరాఠీలో తాయి అంటే అక్క. ఊరూరూ తిరిగి పెద్దవాళ్లను ఒప్పించి తీసుకొచ్చిందీ ఆమే. నా గాజులు, మట్టెలు తీయిస్తూ నెమ్మదిగా అడిగింది: "గా స్కాన్లు పనికిరావంటే, రేపు గా ముసలోళ్లకు నా మొకం ఎట్ల సూపియ్యాలె మేడమ్?" మిషన్ మోతలో కళ్లు మూసుకుని కదలకుండా పడుకున్నాను.

స్కాన్‌ను కరీంనగర్‌కు పంపేసి, తాయి నన్ను బస్టాండ్ దగ్గరి మెస్‌కు తీసుకెళ్లింది. జొన్నరొట్టె, పచ్చిమిర్చి దంచి చేసిన ఠేచా. ఇద్దరం ఆకలితోనే కూర్చున్నాం కానీ రొట్టె తుంచుతూ ఫోన్ వైపే చూస్తున్నాం. అప్పుడు మోగింది ఫోన్. కొలతలు తీసే మా రమేశ్.

"అక్కా, నీది గూడ తగ్గింది. పోయొచ్చినోళ్లందరియి ఒక్క తీరుగనే తగ్గినయి. తేడా మిషన్‌దే."

ఆ తేడా సర్ది మొత్తం మళ్లీ లెక్కిస్తే, ఆదిలాబాద్ పెద్దవాళ్ల కొలతలు కరీంనగర్ వాళ్లతో కలిసిపోయాయట. సార్ చూసి, ఒక్క స్కాన్ కూడా తీసెయ్యొద్దన్నారట. ఫోన్ తాయి చెవి దగ్గర పెట్టి, మళ్లీ చెప్పమన్నాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, వంటామెతో మరాఠీలో ఏదో అంది. మా పళ్లాల్లోకి చెరొక వేడి రొట్టె వచ్చింది. ఈసారి ఇద్దరం కడుపునిండా తిన్నాం.

తిరుగు బస్సు నిర్మల్ ఘాట్ దిగుతుంటే నాకు నవ్వొచ్చింది. నిన్న కరీంనగర్‌లో ఉన్నంత మెదడు ఇవాళ నాకు లేదని ఒక యంత్రం చెప్పింది, ఆ మాట విని నేనింత సంబరపడుతున్నాను. మా పనిలో గెలిచామని ఎవరూ అనుకోరు. ఆ సాయంత్రం మాత్రం అనుకున్నాను. కూలి మానుకుని అంతదూరం వచ్చి, ఆ మోత ఓర్చుకున్న ప్రతి మనిషీ లెక్కలోకి వచ్చినట్టే కదా.

ఇలా స్కాన్ కోసం చలికాలంలో ఆదిలాబాద్ వెళ్లేవాళ్లు స్వెటర్ వేసుకెళ్లండి. జిప్పు, లోహపు గుండీలు లేనిది చూసుకోండి. ఊరి చలికి తోడు ఆ గది చలి కూడా గట్టిదే.