సుబ్బక్క చేనికి కొత్త పేరు

కోవిల్‌పట్టి దగ్గర పల్లెలో ఉండే మా మేనమామ కొడుకు సౌందరరాజు బావ ఫోన్ చేసి, "పద్మా, నీకు తెలుగు రాసేది మరవలా కదా?" అని అడిగాడు. నెల్లూరు బడుల్లో ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని అడగవలసిన ప్రశ్నేనా అనిపించింది. విషయమేమిటంటే, వాళ్ళ ఊరి బయట పాడుబడి ఉన్న, విమానాలు దిగే పాత బాట మళ్ళీ బాగైంది. విమానం నడపడం నేర్పే బడి ఒకటి అక్కడికి వచ్చింది. ఆ చిన్న విమానాశ్రయానికి, కొన్నేళ్ళ కింద కాలం చేసిన ఊరి పెద్ద రెంగప్ప నాయకరు పేరు పెట్టుకోవడానికి అనుమతి దొరికింది. బోర్డు మీద తమిళం, ఇంగ్లీషు ఎలాగూ ఉంటాయి. వాటి కింద తెలుగు కూడా ఉండాలని ఊరివాళ్ళ కోరిక. తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడే ఆ ఊళ్ళో తెలుగు అక్షరం రాయగలవాళ్ళు ఒక్కరూ లేరు. "నువ్వొచ్చి రాసి ఇస్తే చాలు" అన్నాడు బావ. అమ్మ పోయాక ఆ వైపు వెళ్ళనే లేదు. వెంటనే టికెట్ తీయించాను.

నెల్లూరు నుంచి చెన్నై చేరి, ఎగ్మూరులో రాత్రి రైలెక్కితే ఉదయం ఐదున్నరకు విరుదునగర్‌లో దిగుతాం. స్లీపరు టికెట్ నాలుగు వందల లోపే. నేరుగా కోవిల్‌పట్టికే పోవచ్చు కానీ, రంగులు, కుంచెలు విరుదునగర్ బజారులో కొనమని బావ చెప్పాడు. చిన్నప్పుడు తాతతో మిరపకాయల బస్తాల మధ్య నడిచిన బజారే అది. తొమ్మిదింటికి గానీ కొట్లు తెరవరు. అంతవరకు స్టేషన్ దగ్గరి చిన్న హోటల్లో కూర్చుని ఇడ్లీ తింటూ, ఇంటికి ఫోన్ చేసి మాట్లాడాను. పెనం దగ్గరున్న వంటాయన నా వైపే చూస్తూ నిలబడ్డాడు. ఫోన్ పెట్టేశాక దగ్గరికి వచ్చి, "అమ్మా, మా ఇంట్లోనూ ఇదే దా మాట్లాడేది" అన్నాడు. ఏ ఊరని అడిగితే ఈ వైపే ఉన్న నాగలాపురం పక్కన అన్నాడు. "బయట మాట్లాడితే పిలకాయలు నగుతారు. మీరు మాట్లాడితే రేడియో మాదిరి ఉండాది." మా అమ్మ మాట కూడా అచ్చం ఆయన మాటలాగే ఉండేది. నెల్లూరులో ఇరుగుపొరుగు నవ్వుతారని ఆమె మెల్లగా ఆ మాటతీరు మార్చుకుంది. ఇంకో ఇడ్లీ వేయించుకుని ఆయనతో కాసేపు కూర్చున్నాను.

నీలం ఎనామెల్ డబ్బా, రెండు కుంచెలు కొనుక్కుని పది గంటల బస్సు ఎక్కాను. సాత్తూరు మీదుగా గంటకు పైగా ప్రయాణం, టికెట్ యాభై రూపాయలకు మించదు. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఎండ ముఖాన కొడుతుంది, కుడివైపు చూసుకోండి. పత్తి తీసేసిన నల్లరేగడి చేలు రోడ్డుకు రెండు పక్కలా నెర్రెలు విడిచి కనిపిస్తాయి. ఆ నేలను చూస్తుంటే నా తొమ్మిదో ఏడు గుర్తొచ్చింది.

ఆ ఏడు అమ్మ పురిటికని వెళ్ళి మేం ఆరు నెలలు ఆ ఊళ్ళోనే ఉన్నాం. అప్పటికి బాట వేసి కొన్నేళ్ళయింది. వారానికోసారి ఒక మిల్లువారి బుల్లి విమానం దిగేది. విమానం రాని రోజుల్లో ఊరివాళ్ళు బాట మీద సద్దలు ఎండబోసుకునేవాళ్ళు. చప్పుడు వినిపించగానే రెంగప్ప నాయకరు తలగుడ్డ విప్పి ఊపుకుంటూ పరుగెత్తేవాడు. ఒక చేతిలో తుమ్మకంప, మేకలను అదిలించడానికి. మేమంతా ఆయన వెనక పరుగు. ఆ కార్తీకంలో తుపాను పట్టి వాగులు పొంగాయి, కడంబూరు వైపు, కోవిల్‌పట్టి వైపు కూడా దారులు తెగాయి. ఊళ్ళో వాంతిభేది మొదలైంది. మా నాలుగేళ్ళ తమ్ముడు కళ్ళు తేలేశాడు. వాన కాస్త తెరిపిచ్చిన మూడో రోజు ఆ బుల్లి విమానం మందుల పెట్టెలతో దిగింది. బాట మీద బురద కడిగించి, రాళ్ళు ఏరించి, నాయకరు రెండు రోజులుగా అక్కడే ఉన్నాడు. మా తమ్ముడు బతికాడు. తర్వాత మిల్లువాళ్ళు విమానం మానుకున్నారు. బాట దున్నేసుకుందామని ఎంతమంది అడిగినా నాయకరు ఒప్పుకోలేదు. మూడుసార్లు పంచాయతీ ప్రెసిడెంటుగా ఉండి రోడ్డు, బడి, నీళ్ళ ట్యాంకు తెచ్చిన మనిషి. ఆయన మాట కాదనలేక ఊరు ఆగింది.

కోవిల్‌పట్టి బస్టాండు నుంచి ఆటోకు మూడు వందలు తీసుకున్నారు. పన్నెండు కాకుండానే ఊరు చేరాను. బావ నన్ను నేరుగా నాయకరు భార్య వెంగమ్మవ్వ ఇంటికి తీసుకుపోయాడు. అవ్వకు తొంభై దగ్గర పడుతున్నాయి. దారిలో గొంతు తగ్గించి, "అందరూ సరి అన్నారు. అవ్వ మాత్రం సరీ అనలా, వద్దూ అనలా. నువ్వు ఆడదానివి, కొంచెం అడిగి చూడు" అన్నాడు. అక్షరాలు రాయడానికే కాదు, ఇందుక్కూడా పిలిచాడని అప్పుడు అర్థమైంది.

అవ్వ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను ఫలానా వాళ్ళ కూతుర్నని చెప్పగానే నా గడ్డం పట్టుకుని చూసింది. "మీ అమ్మ ముక్కే" అంది. నేను నెల్లూరులో కాగితం మీద రాసుకొచ్చిన వరుస తీసి చదివాను. "రెంగప్ప నాయకరు విమానాశ్రయం."

"ఆశ్రయమంటే ఏమి?"

"నీడ దొరికే చోటు అవ్వా."

"ఆడ నీడ యాడుండాది?" అంది అవ్వ. బావ నవ్వాడు. ఆమె నవ్వలేదు. గింజలు తీస్తూనే, తల ఎత్తకుండా చెప్పడం మొదలుపెట్టింది. "ఆ నిలానికి ముందే ఒకరి పేరుండె. సుబ్బక్క చేను. మా అమ్మమ్మ సుబ్బక్క. ముండ్లు కొట్టి, రాళ్ళు మోసి, చేను చేసింది ఆమె. మా అమ్మకిచ్చె, అమ్మ నాకిచ్చె. నేను పుట్టింటికి పోయి నాలుగు దినాలకి వస్తిని. వచ్చి చూస్తే చేన్లో కొలత రాళ్ళు నాటి ఉండాయి. బాటకి ఇచ్చేసినాడు. నన్ను ఒక మాట అడగలా."

బావకూ ఈ సంగతి తెలియదని అతని ముఖమే చెప్పింది. నేను అవ్వతో, ఆ బాట వల్లనే మా తమ్ముడు బతికాడని, వాడికిప్పుడు మనవలు కూడా ఉన్నారని చెప్పాను.

"బతికె, సంతోసం" అంది అవ్వ. "ఊరికి మంచి చేసినాడు. కాదనలా. అదీ ఇదీ ఒకటి కాదు కదమ్మా. ఆయన పేరు ఊరంతా చెప్పుద్ది. సుబ్బక్క పేరు నేను పోతే ఎవురు చెప్పుతారు?"

మధ్యాహ్నం బావ ఇంట్లో సద్దకూడు, పులుసు తిన్నాం. తింటున్నంతసేపూ అవ్వ చెప్పిందే తలచుకున్నాను. నేను ఆరాధించిన మనిషే ఆమెను ఒక మాట అడగకుండా ఆమె చేను ఇచ్చేశాడు. రెండూ నిజమే. భోజనాలయ్యాక ఈ పేరు పెట్టే కమిటీలోని ఇద్దరు పెద్దలు వస్తే బావే అవ్వ సంగతి దాచకుండా చెప్పాడు. వాళ్ళలో పెద్దాయన, బడి మేస్టారుగా చేసిన రామానుజం, అనుమతి కాగితం తీసి మళ్ళీ చదివాడు. అనుమతి ఒక్క పేరుకే వచ్చింది, దాన్ని మార్చడానికి వీల్లేదు.

"తమిళం, ఇంగ్లీషు వాళ్ళ ఆర్డరు ప్రకారం రాసినారు. సరి" అన్నాడు చివరికి. "తెలుగు రాయమని ఎవురూ చెప్పలా. అది మనం పెట్టుకునేది. దాంట్లో రెండు పేర్లూ రాస్తే ఏం? బడి దొరని నేను అడుగుతా." అక్కడే కూర్చుని విమానాల బడి అధికారికి ఫోన్ చేశాడు. కింద చిన్నగా రాసుకోండి, మాకు అభ్యంతరం లేదన్నాడు ఆ అధికారి. బావ లేచి, "అవ్వని నేను పోయి అడుగుతా. ఇప్పుడైనా ఎవురో ఒకరు అడగల్ల కదా" అన్నాడు.

అవ్వ సరి అందని బావ కబురు పెట్టాక, మూడున్నరకు పెద్దలతో బాట దగ్గరికి పోయాను. ఒక గదిల్లు, గాలి వాటం చూపే గుడ్డ కట్టిన స్తంభం, చుట్టూ ఇనుప కంచె. అంతే విమానాశ్రయం. నేను స్టూలు వేసుకుని బోర్డు మీద సుద్దతో గీతలు గీసి, నాయకరు పేరు రాశాను. దాని కింద 'సుబ్బక్క చేను' అని రాస్తుంటే బ వత్తు కాస్త పక్కకు పోయింది. రాస్తుండగానే బావ ఆటోలో అవ్వను తీసుకొచ్చాడు. గొడుగు పట్టుకుని ఆమె బోర్డు దగ్గరికి నడిచి వచ్చింది. తాను చదవలేని ఆ అక్షరాలను చాలాసేపు చూసింది.

"సుబ్బక్క ఏది?" అని అడిగింది.

ఆమె వేలు పట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరిదాకా, తడి రంగుకు తగలకుండా, చూపించాను. చివర్లో ఆమె వేలు మోపేసింది. రంగు అంటుకుంది. తుడుచుకోమని బావ జేబురుమాలు ఇస్తే తీసుకోలేదు. బాట వైపు తిరిగి, ఎక్కడినుంచి ఎక్కడిదాకా చేను ఉండేదో చేత్తో చూపించింది. తర్వాత మళ్ళీ బోర్డు వైపు తిరిగింది.

"ఇంగ ఆయన పేరు చదువు" అంది.

నేను చదివాను. "ఇంగొక తూరి" అంది. మళ్ళీ చదివాను. ఆమె తల ఊపింది. ఆ సాయంత్రం శిక్షణ విమానం ఒకటి దిగుతుంటే, రామానుజం మేస్టారు అవ్వ చేతనే బోర్డుకు పూలదండ వేయించాడు.

ఏడు గంటల బస్సుకు విరుదునగర్ బయల్దేరాను. కిటికీ పక్కన కూర్చుని అమ్మ గురించే ఆలోచించాను. నెల్లూరులో ఆమె మానుకున్న మాటలన్నీ ఆ ఒక్కరోజే నా చెవిన పడ్డాయి. పేరు పెట్టడమంటే గౌరవించడమనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. కొత్త పేరు పెట్టే ముందు ఆ చోటుకు పాత పేరేమిటో, దాన్ని గుర్తుంచుకున్న మనిషి ఎవరో అడగాలని ఆ రోజు తెలిసింది. నాయకరు మీద నా గౌరవం తగ్గలేదు. ఆయన వెనక పరుగెత్తిన పిల్లకు ఇప్పుడు ఆయనతో పాటు అవ్వ కూడా కనిపిస్తోంది.

మీరు వెళ్ళేట్టయితే ఒక సలహా. మధ్యాహ్నం వద్దు, నాలుగు దాటాక వెళ్ళండి. ఆ వేళకు చుట్టుపక్కల చేలవాళ్ళు పనులు ముగించుకుని కంచె దగ్గర విమానాలు చూస్తూ నిలబడతారు. బోర్డు మీది తెలుగును మనసులో చదువుకోకుండా, వాళ్ళకు వినపడేలా పైకి చదవండి.