దారిలో దించిన పెట్టె

నిన్న సాయంత్రం కాలువ కట్ట మీద నాకు కాస్త ముందు నడుస్తున్న మా అమ్మాయి ఉన్నట్టుండి గొంతుక్కూర్చుంది. నా చేతిలో కూరగాయల సంచి ఎక్కడ పడిందో తెలియదు. కుచ్చిళ్ళు పట్టుకుని ఉరికాను. గడ్డం పట్టి మొహం పైకెత్తి పెదాలు చూశాను. "చెప్పు తెగిందమ్మా, పిన్నీసుంటే ఇయ్యి," అంది. పెదాలు ఎర్రగానే ఉన్నాయి. నా మెడలో గొలుసుకున్న పిన్నీసు తీసిచ్చాను. అది చెప్పు బాగుచేసుకుని, కట్ట కిందికి దొర్లిపోయిన టమాటాలన్నీ ఏరుకొచ్చింది. గుండె కోసి కుట్టిన పిల్ల ఏరుతోంది, ఏ జబ్బూ లేని నేను ఒడ్డున కూలబడి ఆయాసపడుతున్నాను. ఎవరైనా చూస్తే నవ్వుదురు.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే ఇదంతా అదే రాస్తోంది. నడుమ నడుమ "గిది ఎందుకమ్మా, నేను రాయ," అని పెన్ను పక్కన పెడుతుంది. రాయమంటాను. రాస్తుంది.

మాది బూర్గంపాడు దగ్గర ఊరు. ఒకవైపు మిర్చి తోటలు, ఒకవైపు అడవి. మా ఆయన మిర్చి బస్తాలెత్తే హమాలీ, నేను ఆ మిరపకాయలే కోసే కూలీని. ఇద్దరం కలిసి ఇంటికొస్తే పక్కింటివాళ్ళకు తుమ్ములొచ్చేవి. పిల్లకు నాలుగేళ్ళప్పుడు దాన్ని తోటకు తీసుకుపోయేదాన్ని. రెండడుగులు నడిచేది, ఒక చెట్టు పక్కన మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని గొంతుక్కూర్చునేది. కాసేపటికి లేచి మళ్ళీ రెండడుగులు, మళ్ళీ కూర్చోవడం. మేమంతా అలాగే కూర్చుని కింది కొమ్మల కాయలు కోస్తాం కదా, మాకేం అనుమానం వస్తుంది? "ఏంది వదినా, నీ బిడ్డ అప్పుడే సాలు పట్టింది! రేపటి సంది దానికి గూడ కూలియ్యాలె," అని ఆడవాళ్ళు మురిసేవారు. నేనూ మురిశాను. పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టు ఉండేవి. మా అత్తమ్మవీ నల్లగానే ఉంటాయి, ఆమె పోలికనుకున్నాం. మా అత్తమ్మ కూడా ఆ మాటకు సంబరపడింది, ఇంతవరకు తన పోలిక ఎవరికీ రాలేదని ఆమె బాధ.

ఒకరోజు టీకాల నర్సమ్మ తోటకే వచ్చి, చెట్ల మధ్య కూర్చున్న పిల్లను చాలాసేపు చూసింది. "మీ పాప ఎందుకట్లా కూర్చుంటది?" అని అడిగింది. "పనిల వడ్డది మేడం," అన్నాను నవ్వుతూ. ఆమె నవ్వలేదు. పిల్ల చేతులు తీసుకుని గోళ్ళు చూసింది. అక్కడినుంచి భద్రాచలం, అక్కడినుంచి హైదరాబాద్ పెద్ద దవాఖానా. పుట్టుకతోనే గుండెలో రంధ్రం, ఊపిరితిత్తులకు రక్తం పోయే దారి ఇరుకు అన్నారు. అట్లా ముడుచుకుని కూర్చుంటే ఈ పిల్లలకు కాస్త సులువవుతుందట, ఎవరూ నేర్పకుండానే వాళ్ళకు తెలుస్తుందట. మేం పనిమంతురాలని మెచ్చుకున్న ప్రతిసారీ అది ఊపిరి కోసం కూర్చుందన్నమాట.

ఆపరేషన్ అయింది. పెదాలు ఎరుపెక్కాయి. అప్పటినుంచి మా ఆయన దాన్ని నేల మీద కాలు పెట్టనివ్వలేదు. బడికి భుజం మీద, చర్చికి భుజం మీద, కిరాణా కొట్టుకు భుజం మీద. బస్తా మోసే చోట కాయకాచిన భుజం అది, పిల్లకు పీట వేసినట్టు కుదిరేది. ఏడేళ్ళప్పుడు హైదరాబాదులో దాన్ని నడిచే మిషన్ ఎక్కించారు. ఛాతీకి వైర్లు అంటించి, కింద పట్టా తిప్పుతూ, ఎంత నడవగలదో చూస్తారు. మా ఆయన పక్కన రెండు చేతులూ చాపి నిలబడి, అది కాలేస్తే తనూ ఉన్నచోటే కాలేస్తున్నాడు. మిషన్ దగ్గరి అబ్బాయి, "పెద్దాయనా, నిన్ను గూడ ఎక్కియ్యాల్నా?" అన్నాడు. పిల్ల కిసుక్కున నవ్వింది, తొందరగానే అలిసిపోయింది. డాక్టరమ్మ కాగితాలు చూసి, "గుండె ఇంతకన్నా బాగా పనిచేయగలదు. కాళ్ళకే అలవాటు లేదు. ఎత్తుకోవడం మానండి, నడిపించండి, ఆడుకోనివ్వండి," అంది. మా ఆయన తల ఊపి ఊపి ఒప్పుకున్నాడు. బస్టాండుకు రాగానే ఎత్తుకున్నాడు. ఇదేందంటే జనమన్నాడు. ఊళ్ళో దిగాక ఎండన్నాడు. మర్నాడు కుక్కలన్నాడు. వానాకాలమంతా బురదే చాలింది. నేను గట్టిగా అడిగితే, "ఊరందరి బస్తాలు మోస్త, నా బిడ్డ నాకు బరువా?" అనేవాడు.

మా ఇంట్లో గుండె జబ్బు ఒక్కరికే అనుకున్నాం. ఆ మరుసటి ఏడు కాయ జోరుగా వచ్చే రోజుల్లో లారీకి బస్తాలెత్తుతూ ఆయన ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. బీడీ తాగడానికి కూర్చున్నాడనుకున్నారు తోటి హమాలీలు. దవాఖానా దాకా కూడా ప్రాణం నిలవలేదు.

మా చర్చివాళ్ళ సమాధులుండే బొందలగడ్డ ఊరికి దూరం, వాగు దాటి గుట్ట వైపు ఎక్కాలి. హమాలీలే పెట్టె భుజాలకెత్తుకున్నారు. మా తమ్ముడు పిల్లను ఎత్తుకోబోతే అది వెనక్కి జరిగింది. "నాన్ననెత్తుకోండ్రి మామా, నేను నడుస్త," అంది. నడిచింది. నేను పెట్టె వైపు చూడలేదు. పిల్ల పెదాలు చూస్తూ పక్కనే నడిచాను. "మొగడు పోతే కండ్లల్ల చుక్క నీళ్ళు లేవు, బిడ్డనే చూసుకుంట నడుస్తాంది," అని వెనక ఎవరో అన్నారు. నిజమే, లేవు. కళ్ళలో నీళ్ళు నిండితే దాని పెదాల రంగు కనబడదు.

వాగు దాటి ఎత్తు మొదలైన చోట పిల్ల ఆగింది. మోకాళ్ళు ముడుచుకుని దారి మధ్యలో గొంతుక్కూర్చుంది. ఆపరేషన్ అయ్యాక అట్లా కూర్చోవడం అదే మొదటిసారి. నా ప్రాణం అక్కడే పోయింది. ముందు మోస్తున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూసి, ఒకరికొకరు చెప్పుకోకుండానే పెట్టెను నేల మీదికి దించారు. హిందువులు శవాన్ని దారిలో ఒకసారి దించి, చెవిలో పేరుపెట్టి పిలుస్తారు, దింపుడు కళ్ళం అంటారు. మా చర్చివాళ్ళలో అది లేదు. "గిదేం పద్ధతి? మనకు గిట్ల లేదు గదా," అని ఒక పెద్దాయన గొణిగాడు. "ఉండనియ్యి తాతా, బిడ్డకు దమ్మొస్తాంది," అన్నాడు పెట్టె ముందుకొన పట్టినతను. పాస్టరుగారు బైబిలు మూసి పక్కన నిలబడ్డారు. ఒకపక్క ఆయన, ఒకపక్క అది. ఇద్దరిలో లేవగలిగింది ఎవరో చూస్తున్నట్టు నిలబడ్డాం. నేను వంగి ఎత్తుకుందామని చేతులు చాపాను. డాక్టరమ్మ మాట గుర్తొచ్చి చాపిన చేతులు అట్లాగే ఉంచుకున్నాను. అది లేచింది. ఫ్రాకు దులుపుకుని, "పాండ్రి," అంది హమాలీలతో.

ఆ రోజు తర్వాత దాన్ని మోసేవాళ్ళు లేరు, నడిచింది. బడికి నడిచింది, హాస్టల్లో ఖోఖో ఆడింది. ఇప్పుడు ఇంటర్. ఆయనే బతికుంటే ఇంత నడిచేదా అని ఒక్కోసారి అనిపిస్తుంది. ఆ ఆలోచన వచ్చిందంటే ఆ పూట ముద్ద దిగదు. ఇది రాయనని పెన్ను పెట్టేసింది. రాయమ్మా, అన్నాను.

చిన్నప్పుడు వెడల్పు చేసిన దారిలో వాల్వు కారుతోందట, ఎప్పటికైనా మార్చాలట. వచ్చే నెల మళ్ళీ మిషన్ ఎక్కిస్తారు. బాగా నడిస్తే కొన్నాళ్ళు ఆగొచ్చు, లేకపోతే మళ్ళీ కోత. అందుకే రోజూ సాయంత్రం ఈ కాలువ కట్ట. అది ముందు, నేను వెనక. "నువ్వు రాకున్నా నడుస్తనమ్మా," అంటుంది. నాకు తెలుసు. ఆయన మోసిన ఏళ్ళకన్నా అది తన కాళ్ళ మీద నడిచిన ఏళ్ళే ఇప్పుడు ఎక్కువ. కాలం వాళ్ళిద్దరినీ ఎవరి దారిన వాళ్ళను దాటించింది. నేనే ఇంకా ఆ వాగు పక్కన, దించిన పెట్టెకూ కూర్చున్న పిల్లకూ నడుమ, చేతులు చాపి నిలబడి ఉన్నాను.