ఆమె ఉన్నప్పుడు నలభై ఒక్క నిమిషాలు

కాలిపోయిన మోటార్లకు మళ్ళీ రాగితీగ చుట్టి ప్రాణం పోసే ఆయన్ని వీధిలో మొదట మోటార్లాయన అనేవారు. ఇంట్లో ఆ చక్రం పెట్టిన దగ్గర్నుంచి చక్రమాయన అన్నారు. పేరు మారిందే గానీ మనిషి మారలేదు. అవే నల్లబడ్డ గోళ్ళు, అదే వార్నిషు వాసన. ఎవరు మోటారు మోసుకొచ్చినా అదే మొదటి మాట: "ముందు బేరింగు చూద్దాం పట్టు. సగం రోగాలు అక్కడే."

చక్రం ముందుగదిలో గోడవారన ఉండేది. పెద్ద ఇనుప దిమ్మ, అంచు పొడుగునా అయస్కాంతాలు, చుట్టూ ఆయన చేత్తో చుట్టిన తీగ చుట్లు. ఒక్కసారి బలంగా తిప్పి వదిలితే చాలాసేపు తిరిగేది. ఏదో ఒకనాటికి అది ఆగకుండా తిరుగుతుందని, ఇంటింటా కరెంటు తీగలతో పనిలేకుండా దీపం వెలుగుతుందని ఆయన నమ్మకం. ఆ శక్తి ఎక్కడిదయ్యా అంటే, "ఆకాశం నిండా ఉంది, మనిషి మనసులోనూ ఉంది. మనసు నిలకడగా ఉంటే చక్రానికి అందుతుంది" అనేవాడు.

భార్య అదే గదిలో కిటికీ పక్కన కూర్చుని బట్టలు కుట్టేది. ఆమె ఉన్న రోజుల్లో చక్రం నలభై ఒక్క నిమిషాలు తిరిగేది. ఓసారి ఆమె తమ్ముడింటికి వెళ్ళి వారం ఉండేసరికి ముప్పైయారుకి పడిపోయింది. ఇక ఆయన ఆనందం పట్టలేం. సుద్దముక్కతో గోడమీద రాసుకున్నాడు, దారినపోయేవాళ్ళని పిలిచి మరీ చూపించాడు.

"నీ మనసే దీన్ని తిప్పుతోందే!" అన్నాడు భార్యతో.

"నా మనసా? అది పొద్దుట్నుంచీ ఈ జాకెట్టు చేతుల దగ్గరే ఇరుక్కుపోయింది. చక్రం దాకా ఎక్కడొస్తుంది?" అని దారం కొరికింది ఆవిడ.

అలాంటి మనిషి, నాలుగు రోజుల జ్వరానికి పోయింది. ఆసుపత్రికి నడిచి వెళ్ళింది, తిరిగి రాలేదు.

ఆమె పోయిన వారానికి చక్రం ముప్పైయారు నిమిషాలు తిరిగింది. తర్వాత ముప్పై ఒకటి. తర్వాత ఇరవైయారు. గోడమీద అంకెలు దిగిపోతుంటే ఆయనకి ఒక్కటే అర్థమైంది: ఆమె ఇంకా ఆ చక్రంలో ఉంది, కొంచెం కొంచెంగా వెళ్ళిపోతోంది. ఆపుకోవాలి. దుకాణం తాళం తీయడం మానేశాడు. ఇచ్చినవాళ్ళ మోటార్లు దుమ్ము కొట్టుకుపోతున్నా పట్టించుకోలేదు. చక్రం పక్కనే పీట వేసుకుని, "ఇవాళ పందొమ్మిదేనా? నా మీద అలిగావా ఏం?" అని గొణుక్కుంటుంటే కూతురు గుమ్మంలో నిలబడి వినేది. చివరికి మేనమామకి ఫోను చేసింది.

ఆ మేనమామ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాడు. ఆదివారం పొద్దున వచ్చేసరికి హోమియో డాక్టరు అప్పటికే కుర్చీలో ఉన్నాడు. మందులివ్వగా మిగిలిన పొద్దంతా విశ్వశక్తి మీద చిన్న చిన్న పుస్తకాలు అచ్చువేసే మనిషి. గోడమీది అంకెలు నోటుబుక్కులోకి శ్రద్ధగా ఎక్కించుకుంటున్నాడు.

"శక్తి ఊరికే పుట్టదు బావా," అన్నాడు బావమరిది. "నువ్వు తిప్పినప్పుడు ఇచ్చిందే అది వాడుకుంటోంది. మిగతాది రాపిడి తినేస్తోంది."

"మీ సైన్సు కొలిచేదాన్నే నమ్ముతుందండీ," అన్నాడు డాక్టరు. "చైతన్యాన్ని ఏ మీటరుతో కొలుస్తారు?"

"గడియారం పెట్టి కొలుస్తున్నది మీరేగా డాక్టరు గారూ! ఆత్మ ఉందో లేదో నాకు తెలీదు. ఉంటే ఉండనీండి. తీసుకొచ్చి ఇరుసులో మాత్రం పెట్టకండి."

చక్రమాయన తలెత్తాడు. "మీ అక్క ఉన్నప్పుడు నలభై ఒకటి. ఇప్పుడు పందొమ్మిది. దీనికి నీ పుస్తకాల్లో ఏం రాశార్రా?"

"ఊళ్ళో అందరికీ నువ్వు చెప్పేదే రాశారు. ముందు బేరింగు చూడమని."

ఆయన చక్రానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు. "విప్పను. విప్పితే మిగిలిన ఆ కాస్తా పోతుంది."

"అక్క పోయింది బావా."

కుండ బద్దలు కొట్టినట్టు అనేశాడు గానీ, అక్క కూర్చునే కిటికీ వైపు మాత్రం చూడలేకపోయాడు. తర్వాత చక్రమాయన తనే లేచి, పరాయి చెయ్యి పడనివ్వకుండా బోల్టులు విప్పి బేరింగు బయటికి లాగాడు. అరచేతిలో పెట్టుకుని వేలితో తిప్పాడు. నలభై ఏళ్ళు మోటార్లు తిప్పిన వేలు, దానికి మీటరు అక్కర్లేదు. గరగరలాడుతోంది. గుండ్ల మధ్య తుప్పు పొడి. అంచున మాత్రం పల్చగా, బంకగా, ఎండిన నూనె పొర. వాసన చూశాడు.

"కుట్టుమిషను నూనె," అన్నాడు. "ఇదెలా వచ్చింది? నేనసలు చుక్క వెయ్యలేదు. కొన్న గ్రీజు మీద తిరిగితే గ్రీజు గొప్పవుతుందని, ఉన్నది కూడా కిరసనాయిలుతో కడిగేశాను."

కూతురు గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. "అమ్మ వేసేది నాన్నా. రోజూ ఊడ్చేటప్పుడు ఒక్క చుక్క. అది కీచుమంటుంటే కుట్టుపని సాగడం లేదని."

"మరి ఆవిడ పోయాక నువ్వెందుకు చెప్పలేదు?"

"నువ్వు అమ్మతో మాట్లాడుతున్నావు నాన్నా. మధ్యలో నేనెలా రాను?"

బావమరిది తల దించుకున్నాడు. తనే గెలిచాడు, కానీ ఆ ముఖంలో గెలుపన్నది మచ్చుకైనా లేదు. డాక్టరు మాత్రం కలం దించలేదు. "చూశారా, ఆ చుక్కలో ఉన్నది కూడా ఆమె సంకల్పశక్తే కదండీ! అలాగే రాద్దాం."

"వద్దు డాక్టరు గారూ," అన్నాడు చక్రమాయన మెల్లగా. "ఆవిడ పొద్దున్నే లేచి చేసిన పనిని పనే అనండి. దానికి ఇంకో పేరు పెట్టి నా దగ్గర్నుంచి పట్టుకుపోకండి."

డాక్టరు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. చక్రమాయన బేరింగు గుప్పిట్లో పెట్టుకుని పీటమీద కూర్చున్నాడు.

"ఇన్నేళ్ళూ నా మాటలు వింటూ కూర్చుందనుకున్నాను. విన్నది కీచు." నవ్వబోయాడు, రాలేదు. "మరి నాతో ఒక్క మాట అనలేదేమే మీ అమ్మ?"

కూతురు కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేనూ అడిగాను. చెబితే మళ్ళీ కడిగేస్తాడంది."

ఆయన గుప్పిట తెరిచి బేరింగు వంక చూశాడు. అబద్ధం చెప్పుకోవడానికి చోటు దొరకలేదు.

"కడిగేసేవాణ్ణే," అన్నాడు. "కోప్పడేవాణ్ణి కూడా."