శేషు అంకుల్ చివరి పేజీ

శేషు అంకుల్ పోయారు.

నిన్న పొద్దున ఆఫీస్ కార్ పార్క్‌లో ఉండగా ఆయన కూతురు లీల మెసేజ్ పెట్టింది. "డాడ్ ఈజ్ గాన్. కెన్ యూ కమ్?"

ఐదుసార్లు చదివాను. ఎవరి డాడ్ అనుకున్నాను కాసేపు. బుర్ర పనిచేస్తే కదా.

సిడ్నీలో మేముండే స్కోఫీల్డ్స్‌లో చాలామందికి ఆయన టోపీ పెట్టుకుని వాకింగ్‌కి వెళ్లే పెద్దాయన, అంతే. కానీ లండన్‌లో ఆయన నాటకాలు నెలల తరబడి ఆడాయి. టీవీ సీరియళ్లు, రెండు సినిమాలు రాశారు. ఐదేళ్లప్పుడు తెనాలి నుంచి ఇంగ్లండ్ వెళ్లిన పిల్లాడు. ఆంటీ పోయాక కూతురి దగ్గరికి సిడ్నీ వచ్చేశారు.

నాకు పరిచయమైంది హెలెన్స్‌బర్గ్ గుడి క్యాంటీన్ క్యూలో.

మా ఆయన తాళాలు కారులోనే పెట్టి లాక్ చేశాడు. ఫోన్‌లో కడిగి పారేస్తున్నాను. వెనక్కి తిరిగితే ఒక ముసలాయన నోట్‌బుక్‌లో రాసుకుంటున్నారు. ఒళ్లు మండింది.

"ఏంటండీ రాస్తున్నారు?"

"సారీ అమ్మా. యూ సౌండ్ లైక్ మై మదర్."

అంతే. అప్పటి నుంచి ప్రతి శనివారం నేను వాళ్లింట్లోనే.

ఆయన చివరి నాటకం వాళ్లమ్మ గురించి. ఆయనది వచ్చీరాని తెలుగు. అమ్మ మాటలు నేను తెలుగులో రాసి, గట్టిగా చదవాలి. ఆయన గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని వింటారు. అబద్ధంగా వినిపిస్తే చెంచాతో టేబుల్ మీద ఒక్కటి కొడతారు. టక్.

చివరి పేజీ దగ్గర ఆగిపోయాం.

ఇంజినీరింగ్ మానేసి నాటకాలు రాస్తానన్నందుకు వాళ్లమ్మ ఆరేళ్లు ఆయన మొహం చూడలేదు. మొదటి నాటకానికి చెప్పాపెట్టకుండా వచ్చి వెనక వరసలో కూర్చుంది. అయిపోయాక దగ్గరికొచ్చి చెంప నిమిరి ఏదో చిన్న మాట అంది.

ఆయన ఆవిడ భుజం మీంచి ఒక ప్రొడ్యూసర్ కోసం వెతుక్కుంటున్నారు. వినలేదు.

మళ్లీ అడగడానికి సిగ్గుపడ్డారు. ఆ చలికాలమే ఆవిడ పోయింది.

"ఏమని ఉంటుంది పద్మా?" అని చిన్నపిల్లాడిలా అడిగేవారు.

"నిన్ను క్షమించాను" అని రాశాను. టక్. "నాకు గర్వంగా ఉందిరా." టక్. పదిహేను రాశాను, పదిహేనూ కొట్టేశారు.

నెల కిందట నాకు రోషం వచ్చింది. "మీ అమ్మ ఏమందో నాకేం తెలుసు అంకుల్? వినాల్సింది మీరు!" అని కాగితం అక్కడే పడేసి వచ్చేశాను.

ఆ నోరు పడిపోనూ.

తర్వాత మూడుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు. వాయిస్ మెయిల్ పెట్టారు. "పద్మా, యూ వర్ రైట్. ప్లీజ్ కమ్. నీ బిస్కెట్లు కొన్నాను."

వచ్చే శనివారం వెళ్దాంలే అనుకున్నాను. ఇంకొంచెం బతిమాలనీ అని కూడా అనుకున్నాను. ఆస్పత్రిలో ఉన్నారని నాకు తెలీదు.

నిన్న ఆస్పత్రికి వెళ్లాను. దుప్పటి కింద మనిషి సగమైపోయి ఉన్నారు. చెంప మీద చెయ్యి వేశాను. ఏడుపు కంటే ముందు నోట్లోంచి మాట వచ్చేసింది.

"ఎంత చిక్కిపోయారు అంకుల్..."

అక్కడే ఆగిపోయాను.

ఆరేళ్ల తర్వాత కొడుకుని చూసిన తల్లి ఇంకేమంటుంది? నాటకం బాగుందంటుందా? క్షమించానంటుందా? మా అమ్మయినా ఇదే అంటుంది. ఇంత చిన్న మాట నెల కిందట నా నోటికి ఎందుకు రాలేదు దేవుడా!

"వాట్ డిడ్ యూ సే టు హిమ్?" అంది లీల. దుప్పటి ఆయన భుజాల దాకా లాగాను.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాం. కాగితం టేబుల్ మీదే ఉంది, పక్కన విప్పని బిస్కెట్ ప్యాకెట్. కొట్టేసిన నా పదిహేను వాక్యాల కింద రాశాను: "చిక్కిపోయావురా నాన్నా."

గట్టిగా చదివాను. చెంచా చప్పుడు కోసం ఆగాను.

రాలేదు. మాట సరైనదైనందుకో, కొట్టే మనిషి లేనందుకో... ఇంక నాకెవరు చెప్తారు?

వెళ్లండి అంకుల్. ఈపాటికి మీ అమ్మ ఎదురొచ్చే ఉంటుంది. ఈసారి ఎటూ చూడకండి. ఆవిడ ఏమంటుందో ప్రశాంతంగా వినండి.